కింది రెప్ప రంగు

మళ్ళీ దగ్గింది గయ్యాళి. దగ్గిన ప్రతిసారీ ఆ మేక పక్కటెముకలు దర్జీ వదిన మోకాళ్ళకు వచ్చి తగులుతున్నాయి. కొట్టం మూలలో బోర్లించిన బకెట్టు మీద కూచుని, మేకను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, మెడ మీద చెయ్యి వేసి పట్టుకుని ఉందామె. కడుపులో పురుగులను చంపే నట్టల మందు కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల దారి పట్టింది. సగం పోయిందో, నాలుగు చుక్కలే పోయాయో, లోపలికి తొంగి చూసే వీలుంటే ఎంత బాగుండేది! పశువుల డాక్టరు ఫోనులో ముందు ఒక నిట్టూర్పు విడిచి, ఆ తర్వాత చెప్పాడు. “పడుకోనివ్వకండి, పరిగెత్తనివ్వకండి, తల పైకెత్తొద్దు. ఒక గంట కనిపెట్టుకుని ఉండండి. ముక్కులోంచి నురగొస్తే నాకు చెప్పండి. నెమరు వేసిందంటే మాత్రం ఇక భయం లేదు.” అంటే గంటసేపు చూస్తూ కూచోవాలన్నమాట. చూడటం ఆమెకు కొత్తేం కాదు, ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె చేస్తున్న పనే అది, కానీ చూస్తున్నదాని ప్రాణం తన చేతిలో ఉండగా చూడటం ఇదే మొదలు. ఇదిగో, ఇప్పుడు లోపల ఏదో గురగురమంది. కడుపా, రొమ్మా? కడుపైతే మంచిది. ఒసే గయ్యాళీ, అది కడుపేనని చెప్పవే తల్లీ.

మధ్యాహ్నం బస్సుకు ఆడపడుచు వచ్చేస్తుంది. చేతి మణికట్టుకు వేసిన సిమెంటు కట్టు ఇవాళ ఆసుపత్రిలో తీసేస్తారు, తీయించుకుని నేరుగా ఇటే వస్తుంది, కాళ్ళు కూడా కడుక్కోదు, ముందు మేకలు, ఆ తర్వాతే మనుషులు. స్థలం ఆమె అన్నయ్యది, కొట్టం అన్న కట్టించింది, మేకలు మాత్రం చెల్లెలివి. పిల్లల్ని పిలిచినట్టు పిలుస్తుంది వాటిని, పిల్లల్ని తిట్టినట్టే తిడుతుంది. అన్న, అంటే దర్జీ వదిన మొగుడు, నీళ్ళ పంపులు బాగుచేసే మనిషి, మెత్తనివాడే గానీ ఒక మాట అన్నాడంటే అన్నట్టే. వానలు వెలిశాక మొదట తెల్లమేక పోయింది, దాని వెనకే దాని పిల్ల, ఆ తర్వాత కడుపుతో ఉన్న చూడు మేక. ఆ చివరి గుంట తవ్వుతూ తవ్వుతూ పార నేలకేసి కొట్టాడాయన. “ఇంకొక్కటి పోయిందంటే మిగిలినవన్నీ లారీ ఎక్కించేస్తా. చేతగాని పని మనకెందుకు?” చేతగాని పని అన్నందుకు చెల్లెలు తిరిగి ఒక్క మాట అనలేదు. ఒంటికాలి మీద లేచే మనిషి, గుంటలో మట్టి సర్దుతూ నిలబడింది. ఇప్పుడు ఈ గయ్యాళి పోతే ఆ ఇంకొక్కటీ ఇదే. లారీ వచ్చేస్తుంది. పోవడమేమిటి, వదినే చంపినట్టు లెక్క. ఛ, ఏం మాటలివి, ముక్కు చూడు, ముక్కు తడిగా ఉంది, నురగేం లేదు, తడి ఉండటం మంచిదేగా, కుక్కలకైతే మంచిదే, మేకలకు కూడా అంతేనా? అడగవలసింది డాక్టరును. అడిగితే మళ్ళీ నిట్టూరుస్తాడు.

దర్జీ వదిన అన్న పేరు ఊరికే రాలేదు. ఇక్కడికి రాకముందు చాలా ఏళ్ళు బజారు వీధిలో ఒక ఇరుకు కొట్లో కుట్టుమిషను ముందు కూచుంది. దారం రంగు కలవలేదని ఎవరైనా పేచీ పెడితే గుడ్డనూ దారపు కండెనూ చెరో చేత పట్టుకుని గుమ్మంలోకి నడిచేది. బల్బు వెలుతురు అబద్ధాలాడుతుందండీ, ఇలా బయటికొచ్చి చూడండి, అనేది. అలా చూసీ చూసీ ఎరుపంటే ఒక్క రంగు కాదని, అదొక పెద్ద ఉమ్మడి కుటుంబమని, అందులో ఒకరి పక్కన ఒకరు పడని అత్తలూ కోడళ్ళూ ఉంటారని ఆమె కనిపెట్టింది. అందుకే డాక్టరు ఆ అట్ట ఇచ్చినప్పుడు చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. మేక కంటి బొమ్మలు, లోపల గళ్ళు, మొదటి గడి ముదురెరుపు, చివరి గడి దాదాపు తెలుపు. మేక కింది రెప్పను బొటనవేలితో కొంచెం కిందికి లాగి లోపలి రంగును అట్టతో పోల్చాలి. నట్టలు రక్తం తాగుతాయి కనక, అవి తాగే కొద్దీ రెప్ప పాలిపోతుంది. పాలిపోయినదానికే మందు పట్టాలి, ఎర్రగా ఉన్నదాన్ని వదిలెయ్యాలి. ఆడపడుచు ఆ అట్టను కొట్టంలో పసుపు బల్బు కింద పెట్టి చూసి, అన్నీ బంగారంలా ఉన్నాయి వదినా అంది. వదిన, దగ్గరికి రానివ్వని గయ్యాళిని తప్ప, ఒక్కొక్కదాన్నీ గుమ్మం దాటించి ఎండలో చూసింది. అన్నీ వెలిసిపోయిన గులాబీలు. అది చూసి ఏడుపు రావాలి, వచ్చింది కూడా, కానీ ఏడుపు కంటే ఓ అడుగు ముందు, అబ్బ, లోపలి సంగతి ఇంత తేటగా రెప్ప మీద తెలుస్తుందా అన్న ఆశ్చర్యం వచ్చింది. ఆ ఆశ్చర్యం ఆడపడుచుకు కనబడకూడదని మొహం పక్కకు తిప్పుకుంది.

అంతకు ముందు కూడా అంతే. చూడు మేక పోయినప్పుడు డాక్టరు కడుపు కోసి చూపిస్తుంటే అందరూ ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు, ఈమె ముందుకు జరిగింది. సన్నటి పోగులు. ఎర్ర పోగూ తెల్ల పోగూ ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగి, ఎవరో చేత్తో పేనిన దారంలా ఉన్నాయి. ఇంత చక్కగా ఎవరు పేనారండీ అని పైకే అనేసింది. ఆయన వింతగా చూసి, ఎర్రది అది తాగిన రక్తమమ్మా, తెల్లది దాని గుడ్ల గొట్టం, రెండూ దాని ఒంట్లోనే మెలిపడి ఉంటాయి అని చెప్పాడు. ఆ సాయంత్రమంతా ఆమె మనసులో అదే మెదిలింది. కళ్ళు లేవు, చెవులు లేవు, గడ్డి మొన నుంచి మేక నోట్లోకి, అక్కడి నుంచి కడుపులోకి, ఆ చీకట్లో తనకు కావలసిన చోటు అదేనని దానికెవరు చెప్పారు? మేకను చంపితే తనూ చస్తుంది కదా, ఆ మాత్రం తెలియదా? తెలిసినా ఆగలేదా? మనుషుల్లో లేరా అలాంటి వాళ్ళు అనుకుని, అక్కడికి ఆ ఆలోచన ఆపేసింది, ఎందుకంటే ఇల్లంతా గుల్ల చేసి తనూ పోయిన పెద్దమామ గుర్తొచ్చాడు. ఆ రోజే డాక్టరు చేతులు కడుక్కుంటూ ఇంకో మాట అడిగాడు. ఇన్నేళ్ళూ మందు అన్నింటికీ పట్టారా, ఒక్కటైనా మిగిలిందా అని. అన్నింటికీ పట్టీ పట్టీ, మందుకు చావని మొండి నట్టలే మిగిలిపోతాయట. మందు పడని మేక ఒక్కటున్నా దాని కడుపులో పాతరకం నట్టలుంటాయి, అవి మందుకు లొంగుతాయి, వాటి సంతానం మేతలో కలుస్తుంటే మొండివాటి జోరు కాస్త తగ్గుతుంది అన్నాడు. “ఒక్కదాన్నీ వదల్లేదండీ, గయ్యాళితో సహా,” అని ఆడపడుచు గొప్పగానే చెప్పింది, చెప్పి, మెడకు వేలాడేసిన కట్టు సర్దుకుంది.

గయ్యాళితో సహా అన్నప్పుడు డాక్టరు కూడా తలెత్తి చూశాడు మరి. ఈ గయ్యాళి సంగతి తెలియని వాళ్ళెవరు? కొమ్ములు రెండూ రెండు వైపులకి, ఒకటి నీ మీదికి ఒకటి నీ వెనకున్నవాడి మీదికి. బేరానికొచ్చిన ఒకాయనను కంచె దూకించింది, ఆయన చెప్పు ఒకటి ఇప్పటికీ ఇక్కడే ఉంది. డాక్టరు కోటు బొత్తాలు కొరికి నమిలింది. పంపులు విప్పే ఇంటాయన, ఇంజన్లకు భయపడనివాడు, దాన్ని చూస్తే నీళ్ళ తొట్టి ఎక్కేస్తాడు. వదిననైతే పేడ తీస్తుంటే వెనక నుంచి వచ్చి గడ్డివాము మీదికి విసిరేసింది, లేచి చూస్తే ఏమీ ఎరగనట్టు తోక ఊపుతూ నిలబడి ఉంది. దాన్ని పట్టేది ఒక్క ఆడపడుచే. మందు పట్టే రోజు మిగిలిన వాటన్నింటికీ అయ్యాక, మీరెవరూ రాకండి, జనాన్ని చూస్తే ఇంకా రెచ్చిపోతుంది, అని దాన్ని తోటకూరతో మురిపిస్తూ గడ్డివాము వెనక్కి తీసుకుపోయేది. అక్కడి నుంచి కేకలు, తిట్లు, కాళ్ళ చప్పుడు. కాసేపటికి జుట్టంతా రేగి, ఖాళీ సిరంజి ఊపుకుంటూ వచ్చేది. “తాగేసింది.” అన్న ఆ ఒక్క విషయంలో మాత్రం చెల్లెలికి చేతులెత్తి దండం పెట్టేవాడు. నీ చేతిలో ఏదో ఉందే అనేవాడు. ఆ మాటకు ఆవిడ మొహం వెలిగిపోయేది. ఏ ఆడమనిషికైనా అలాంటి మాట ఒకటి ఉండాలి బతకడానికి, దర్జీ కొట్లో ఉన్నప్పుడు తనకూ ఉండేది, నీ కళ్ళు కళ్ళు కావమ్మా అనేవాళ్ళు.

ఆ కళ్ళే కొంప ముంచాయి ఇవాళ. ఆడపడుచు వచ్చేలోపు పని ముగించి చూపిద్దామనుకుంది. మిగిలిన మేకల రెప్పలన్నీ చూసింది, పట్టవలసిన వాటికి డాక్టరు రాసిచ్చిన కొత్త మందు పట్టింది. సిరంజి అంటే సూది ఉండదు దీనికి, ముందు పొడవాటి వంకర గొట్టం, దాన్ని పెదవుల పక్క సందులోంచి నాలుక మీదికి పోనిచ్చి మెల్లగా నొక్కాలి. ఆ గొట్టం కనబడితే చాలు, ఒక్కో మేకా ఒక్కో నాటకం. ఒకటి పళ్ళు బిగిస్తుంది, ఒకటి పక్కదాని కడుపు కింద తల దూరుస్తుంది, ముసలిదైతే కుంటడం మొదలెడుతుంది. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి గయ్యాళి మిగిలింది. వదలమంది కదా ఆడపడుచు, నేనొస్తే నేను పడతా, నువ్వు దాని జోలికెళ్ళకు వదినా అని మరీ మరీ చెప్పి వెళ్ళింది కదా. వెళ్ళకూడదు. కానీ గయ్యాళే వచ్చింది. తనంతట తను వచ్చి, గొట్టాన్ని వాసన చూసి, కొసను నోట్లో పెట్టుకుని, చిన్నపిల్ల పెన్సిలు కొరికినట్టు నమలడం మొదలెట్టింది. వదినకు నవ్వొచ్చింది, సంబరమూ వేసింది. ముందు రెప్ప చూడాలి, తర్వాతే మందు. ఆ క్రమం ఆమెకు తెలుసు. కానీ గొట్టం అప్పటికే నోట్లో ఉంది, బొటనవేలు అప్పటికే మీట మీద ఉంది, ఇంతకాలం ఒక్కసారైనా చూడనివ్వని ఆ కన్ను జానెడు దూరంలో ఉంది. ఎడమచెయ్యి దానంతటదే పోయి రెప్ప లాగింది. మూలంతా చీకటి, రంగు తెలియలేదు, వెలుతురు కోసం సిరంజి పట్టిన చేత్తోనే గడ్డం కింద ఆన్చి మొహం గుమ్మం వైపు పైకెత్తింది. ఎత్తిన విసురుకు మీట నొక్కుకుపోయింది. తల పైకెత్తి మందు పోస్తే అది నేరుగా ఎక్కడికి పోతుందో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. దగ్గు వచ్చేలోపు, ఆ రెప్పపాటులో, రంగు కనబడింది. ఎంత ఎరుపని! అట్ట మీది మొదటి గడి దాని ముందు వెలవెలబోతుంది. ఆ ఎరుపు చూశాక ఒకటి తేలిపోయింది. దీనికి అసలు మందే అక్కర్లేదు.

ఊపిరి వింటోంది. తీస్తోంది, విడుస్తోంది, మధ్యలో సన్నగా ఈల. ఇందాకటి కంటే తగ్గిందా? తగ్గాలని కోరుకుంటూ వింటే తగ్గినట్టే వినిపిస్తుంది, అందుకని ఆమె కాసేపు వినడం మానేసి చెవి వెనక చూసింది. ఒక పిడుదు, తాగి తాగి ఆముదపు గింజంత అయింది, కాళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలియనంతగా ఉబ్బింది. పీకుదామా అని వేలు పెట్టి, ఇప్పుడు దీన్ని కదిలించడం దేనికని తీసేసింది. నట్టలకు లొంగని మనిషివి పిడుదుకు లొంగావా అని మేకను అడిగింది. చెవి ఆడించింది గయ్యాళి. మళ్ళీ ఆ గొట్టం గుర్తొచ్చింది. ఆ వాసన చూడటం, ఆ నమలడం. ఏమిటిది ఎక్కడిదిది అన్నట్టు చూసింది. ఎందుకలా చూసింది? మిగిలినవన్నీ ఆ గొట్టం కనబడితే ప్రాణం పోతున్నట్టు పారిపోతాయే, ఒక్కసారి నోట్లో పెట్టించుకున్న మేక జన్మలో దాన్ని మరిచిపోదే, మరి ఏటేటా గడ్డివాము వెనక కుస్తీ పట్టి తాగిన మేక ఇదే కదా, ఇదెందుకు కొత్తవస్తువును చూసినట్టు చూసింది? వదిన చెయ్యి మేక మెడ మీదే ఆగిపోయింది. గడ్డివాము వెనక రాళ్ళ మీద తెల్లటి మరకలున్నాయి. ఏమిటమ్మాయ్ ఇవి అని ఒకసారి అడిగితే, సున్నం వదినా అని టక్కున చెప్పింది. నట్టల మందు కూడా తెల్లగానే ఉంటుంది. సున్నం వాడే పని ఈ ఇంట్లో ఏముంది? మణికట్టు విరిగింది కూడా మందు పట్టిన రోజే, బురదలో జారానంది, ఆ రోజు గడ్డివాము వెనక బురదెక్కడిది, ఎండకు నేల నెర్రెలిచ్చి ఉంది కదా. ఓసి నీ దుంపతెగ! ఇన్నేళ్ళూ రాళ్ళకు పట్టావా మందు?

ముందు నవ్వు తన్నుకొచ్చింది, పెదవి కొరుక్కుని ఆపుకుంది, మేక అదురుతుందని. తర్వాత కోపం. ఇంటిల్లిపాదినీ నమ్మించి, డాక్టరు మొహం మీదే అబద్ధమాడి, ఆయన దేనికోసం అడుగుతున్నాడో ఆ సంగతే దాచేసి! ఆ తర్వాత కోపం ఎటు పోయిందో పోయింది, ఎందుకంటే గడ్డివాము వెనక ఒంటరిగా నిలబడ్డ ఆడపడుచు కళ్ళకు కట్టింది. కొమ్ములు దించుకుని నిలబడ్డ మేక ఎదురుగా, దగ్గరికి పోలేక చేతిలోని సిరంజిని రాళ్ళ మీద ఖాళీ చేసి, ఇవతల అన్న వింటున్నాడని తనకు తానే కేకలు పెట్టుకుంటూ, నేల మీద కాళ్ళు తపతపా కొడుతూ, తన జుట్టు తనే రేపుకుంటూ. అలా చెయ్యడానికి ఎంత అవమానం మింగాలి! మేక కుమ్మితే విరిగిన చెయ్యి పట్టుకుని కూడా జారిపడ్డాననే చెప్పింది. చేతగాని పని అన్నప్పుడు ఆ నోరు ఎందుకు పెగల్లేదో ఇప్పుడు తెలిసింది. మరి ఇంకో చిత్రం చూడు, ఆ అబద్ధం వల్లే ఈ ఒక్కటీ మందు పడకుండా మిగిలింది, డాక్టరు మిగిలుంటే బాగుండేదన్న ఆ ఒక్కటీ ఇదే. దొడ్డి మొత్తానికి ఏదైనా ఆశ ఉంటే ఈ గయ్యాళి కడుపులో ఉంది. ఆ గయ్యాళి మెడే ఇప్పుడు తన చేతుల్లో ఈల వేస్తోంది. ఆవిడ చేతగాక బతికించినదాన్ని తను చేతనవుననుకుని చంపబోతోంది. అనుకోగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

గేటు చప్పుడైంది. అప్పుడే బస్సొచ్చేసిందా? చెప్పులు గరగరమంటూ నేరుగా కొట్టం వైపే. గుమ్మంలో వెలుతురుకు అడ్డంగా ఆడపడుచు నిలబడింది, కట్టు తీసిన మణికట్టు ఎండ చూడక పాలిపోయి, తొక్క వలిచినట్టుంది. ఖాళీ సిరంజి చూసింది, గడ్డి మీద చిందిన తెల్లటి మందు చూసింది, వదిన మోకాళ్ళ మధ్య గయ్యాళిని చూసింది. గుమ్మం దాటి రాలేదు.

“తాగిందా?” అంది చిన్నగా.

“సగం పొలమారింది. తల పైకెత్తా. నాదే తప్పు అమ్మాయ్. గంట చూడమన్నాడు డాక్టరు. నెమరు వెయ్యాలిట.”

ఆడపడుచు తిట్టలేదు. మెల్లగా వచ్చి, ఒక అడుగు దూరంలో గొంతుక్కూచుంది. మేక తల తిప్పి చూసేసరికి చటుక్కున వెనక్కి జరిగింది. వదిన అటు చూడనట్టే ఊరుకుంది. అడగాలని నాలుక కొసదాకా వచ్చింది, నువ్వెలా పట్టేదానివి అని. నిజంగానే తెలుసుకోవాలని ఉంది, ఎగతాళికి కాదు, కానీ అడిగితే ఎదుటి మనిషికి తేడా ఎలా తెలుస్తుంది? మేక దగ్గింది. ఈసారి పొడిదగ్గు. ఆడపడుచు మొహం ముడుచుకుపోయింది, “పోతుందా వదినా?” అంది, అంటూనే ఆ పాలిపోయిన చెయ్యి చాపి, కాలే పెనం మీద పెడుతున్నట్టు, మునివేళ్ళు గయ్యాళి మెడ కింద ఆనించింది. మేక ఊరుకుంది. అరచెయ్యి మొత్తం ఆనించింది. కళ్ళు పెద్దవయ్యాయి.

“అమ్మో, ఇంత మెత్తగా ఉంటుందా ఇది!”

అనేశాక గానీ ఏమందో ఆవిడకు తెలియలేదు. తెలిశాక చెయ్యి తియ్యబోయింది. వదిన ఆ చేతి మీద తన చెయ్యి వేసి అక్కడే ఉంచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, మేకనే చూస్తూ కూచున్నారు. ఈల సన్నబడింది. బయట మేకలేవో కంచె రాసుకుంటున్నాయి. చాలాసేపటికి రెండు చేతుల కిందా గొంతులో ఏదో కదిలింది, చిన్న ఉండలాంటిది, కింది నుంచి పైకి జరజరా పాకి నోట్లోకి వెళ్ళింది. గయ్యాళి దవడ ఒక పక్కకు సాగింది, ఆగింది, మళ్ళీ రెండో పక్కకు సాగింది. నమలసాగింది, లోకంలో ఇంకే పనీ లేనట్టు.

ఆడపడుచు ఒక్కసారిగా ఏడ్చేసింది, ఏడుపులోనే నవ్వు, ముక్కు భుజానికేసి తుడుచుకుంది.

“అన్నయ్యకి చెప్పకు వదినా.”

“ఏది?”

“రెండూ.”